గలతియా: కొండను, పగడాన్ని కలిపి చదవండి

మెయిన్స్‌లో గ్రేట్ నికోబార్ ప్రశ్న వస్తే మనలో చాలామంది ఓడరేవు, షోంపెన్ తెగ, తాబేళ్లు అని మూడు పేరాలు రాసి ముగిస్తాం. ఈసారి మీరు నది దగ్గర మొదలుపెట్టి చూడండి.

గలతియా నది దట్టమైన అడవిలోంచి దక్షిణానికి పారి గలతియా బేలో కలుస్తుంది. ద్వీపంలో ఏటా 3,000 మి.మీ. దాటి వాన. ఆ వానలోనూ వాలు మీద మట్టిని పట్టి ఉంచేది చెట్ల వేళ్లే. చెట్లు పోతే మట్టి నదిలోకి, అక్కడినుంచి బేలోకి చేరుతుంది. నీరు మసకబారి పగడాలకు వెలుతురు అందదు, పైన ఒండ్రు పేరుకుంటుంది. లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక తీరమూ ఆ బేలోనే ఉంది.

2022లో కేంద్రం సుమారు 130 చ.కి.మీ. అటవీ భూమి మళ్లింపుకు సూత్రప్రాయ అనుమతి ఇచ్చింది. పరిహార అడవి మాత్రం హర్యానాలోనట! అక్కడి చెట్టు ఇక్కడి వాలును పట్టుకోదు. 16,150 పగడపు కాలనీలను తరలిస్తామన్నారు. తరలించే చోటికి ఏ వాగు నీరు వస్తుందో ముందు చూడాలి కదా?

మలక్కా జలసంధికి దగ్గరగా ఉండటం నిజమైన వ్యూహాత్మక ప్రయోజనమే, జవాబులో దాన్ని తేలిక చేయకండి. కానీ ఒక్క సీజన్ డేటాతోనే ప్రభావ అంచనా వేశారన్న అభ్యంతరాన్ని 2023 ఏప్రిల్‌లో ఎన్‌జీటీ ప్రస్తావించింది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడిపే ద్వీపంలో ఒక్క సీజన్ కొలత నది తెచ్చే ఒండ్రు గురించి ఏం చెబుతుంది? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే.