కంపోస్టు గుంత ఎవరి నేలలో?

ఏటా జనవరిలో మా టీమ్‌లో సగం మందికి హఠాత్తుగా పేదల మీద ప్రేమ పుడుతుంది. టాక్స్ ప్రూఫులు పెట్టాల్సిన నెల కదా. నేనూ అందులో ఒకణ్ణే. నాలుగేళ్ళపాటు ఒక క్రైస్తవ సేవాసంస్థకి నెలనెలా కొంత కట్టాను. నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కాదు. పాల్వంచలో పెరిగాను, వాళ్ళు పనిచేసేది భద్రాచలం వైపు అడవి అంచు ఊళ్ళలో అని తెలిసి కట్టాను, అంతే. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. నా తగువు ఒక సంస్థతో కాదు, వాళ్ళూ వీళ్ళూ అందరూ చెప్పే ఒక కథతో.

ఆ కథ మీకూ తెలుసు. నున్నటి కాగితం మీద వార్షిక నివేదిక. ఎడమవైపు ఫోటోలో ఒక గిరిజన రైతు: అప్పులు, పురుగుమందులు, ఎండిన చేను. మధ్యలో ఐదు రోజుల శిక్షణ: వర్మీ కంపోస్టు, జీవామృతం, మల్చింగ్. కుడివైపు అదే రైతు, పచ్చటి వంకాయ మడి, నవ్వు, స్కూలు యూనిఫాంలో కూతురు. కథలూ నవలలూ చదివేవాళ్ళం కాబట్టి మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది. ఈ కథలో విలన్ ఎవరు? ఎవరూ లేరు. ఉన్నదల్లా అజ్ఞానం. తెలియక పేదవాడయ్యాడు, నేర్పగానే బాగుపడ్డాడు. ఎంత నాసిరకం తెలుగు కథలోనైనా కనీసం ఒక వడ్డీ వ్యాపారి కనబడతాడు. ఇక్కడ వాడు కూడా లేడు.

2022 వేసవిలో దాతల్ని ఊరు చూపించడానికి తీసుకెళ్ళారు. చింతచెట్టు కింద టార్పాలిన్లు పరిచారు. శిక్షణ ఇచ్చే కుర్రాడు, అందరూ ‘బ్రదర్’ అంటున్నారు, చాలా మంచివాడు. ఎండలో రెండు గంటలు గొంతు పోయేలా చెప్పాడు. నేలని ఖాళీగా ఉంచకూడదు, ఆకులూ గడ్డీ పరవాలి, అది దేవుడు నేలకి కప్పిన దుప్పటి అన్నాడు. ఆ మాట ఎక్కడిదో తర్వాత తెలిసింది. జింబాబ్వేలో బ్రయాన్ ఓల్డ్‌రీవ్ అనే రైతు 1980ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఆఫ్రికా చర్చిల్లో ‘దేవుని మార్గంలో వ్యవసాయం’ అనే పేరుతో వ్యాపించింది. దున్నడం తగ్గించు, నేలని కప్పు. వ్యవసాయపరంగా తప్పేమీ లేదు, తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది.

చివర్లో వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. “గుంత ఏడ తవ్వమంటరు సారూ? చేలో తవ్వితే కేసు రాయరా?”

బ్రదర్ ఒక్క క్షణం ఆగి, “ముందు ఇంటి దగ్గర చిన్నగా మొదలుపెట్టండి పెద్దాయనా” అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. సెషన్ అయిపోయింది, పులిహోర పెట్టారు.

నాకు ఆ పులిహోర దిగలేదు. ఎందుకంటే మా ఫీల్డ్‌లో ఇదొక పాత జబ్బు. యూజర్‌కి యాక్సెస్ ఉండదు. సిస్టం లోపలికి రానివ్వదు. మనం మాత్రం ‘యూజర్‌కి ట్రైనింగ్ అవసరం’ అని రాసి టికెట్ మూసేస్తాం. అక్కడ చెట్టు కింద జరిగింది అదే. ఆ పెద్దాయన అడిగింది పర్మిషన్ గురించి. ఆయనకి దొరికింది ట్రైనింగ్.

కంపోస్టు వల్ల నేల బాగుపడటానికి ఒక పంట సరిపోదు. మూడు నాలుగేళ్ళు వరసగా అదే చెక్కలో పెంట, ఆకు, గట్లు, చెట్లు పెడితేగానీ తేడా కనబడదు. వచ్చే వానాకాలం ఆ చెక్క తనదో కాదో తెలియనివాడు దానిమీద నాలుగేళ్ళ చాకిరీ ఎందుకు పెడతాడు? హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్న మనలో ఎవరం ఓనర్ గోడకి సొంత డబ్బుతో టైల్స్ వేయించాం? ఇక ఆ దుప్పటికి ఆకులు తెచ్చుకోవాల్సింది కూడా అడవి నుంచే, ఆ అడవి మీద హక్కు ఎవరిదన్నదే అసలు గొడవ.

పైగా నేర్పుతున్నది ఎవరికి? జొన్న, సామ, కంది, బొబ్బర కలిపి ఒకే పోడులో చల్లినవాళ్ళకి. విత్తనాన్ని ముందు వేల్పుకి చూపించి, విజ్జ పండుం చేసిగానీ దుక్కిలో వేయని కోయవాళ్ళకి. పాతదంతా స్వర్గమని నేననను. పోడుకి చాలా అడవి కావాలి, మళ్ళీ అదే చెక్కకి రావడానికి ఏళ్ళ విరామం కావాలి. ఆ విరామం తెలివితక్కువతనం వల్ల పోలేదు. అడవికి గీతలు గీసి రిజర్వ్ చేశాక పోయింది. 1879 రంపా తిరుగుబాటు రేకపల్లి దాకా పాకడానికి పోడు మీద పెంచిన పన్ను ఒక కారణం. అంటే నూట నలభై ఏళ్ళుగా ఈ అంచున తగువు నేల గురించే.

ఇక్కడ మిషన్ కథ కూడా దాదాపు అంత పాతది, మొదలుపెట్టింది నాలాంటి ఒక ఇంజనీరే. గోదావరి మీద పడవలు నడపడానికి దుమ్ముగూడెం దగ్గర పనులు చేయిస్తున్న హేగ్ అనే సైనిక ఇంజనీరు 1860 ప్రాంతంలో కోయల మధ్య మిషన్ పనికి పూనుకున్నాడు. ఆ పడవల పథకాన్ని ప్రభుత్వం 1871లో వదిలేసింది. మిషన్ మిగిలింది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ ఇక్కడి తాలూకాల గురించీ కోయల గురించీ ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో రాశాడు. ప్రాజెక్టు ఆగిపోతే కాంట్రాక్టర్లు పోతారు, వీళ్ళు పోలేదు. ఆ మాట ఒప్పుకోకుండా విమర్శ రాయడం అన్యాయం.

కానీ దోర్నకల్ గుర్తుచేసుకోండి. 1912లో అక్కడ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్. దానికి రెండేళ్ళ ముందు ఎడింబరోలో ప్రపంచ మిషనరీల సభలో ఆయన లేచి ఒక ఇబ్బందికరమైన మాట అన్నాడు. మీరు త్యాగాలు చేశారు, ఆస్తులిచ్చారు, సంతోషమే, మాకు స్నేహం కూడా కావాలి అని దాని సారాంశం. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ కాకుండా పక్కపక్కన కూర్చోవాలని అడిగాడు. ఆయన డయోసిస్‌లో చేరినవాళ్ళు ఎక్కువమంది మాలలు, మాదిగలు, ఒకరి చేలో కూలికి పోయేవాళ్ళు. వాళ్ళ మనవళ్ళు ఇప్పుడు కాగితం మీద బీసీ-సీ. బడి వచ్చింది, ఆసుపత్రి వచ్చింది, చదువుకుని నాలాంటి ఉద్యోగాలకి వచ్చినవాళ్ళూ ఉన్నారు. చాలామందికి చేను మాత్రం రాలేదు.

ఇది చదువుతూ కొందరు ‘మతమార్పిడి గురించి ఎందుకు మాట్లాడవు’ అనుకుంటూ ఉంటారు. మాట్లాడను. ఆ పెద్దాయన ఏ దేవుడికి దండం పెడతాడన్నది ఆయన ఇష్టం. మతం మారితే గిరిజనుడికి ఎస్టీ హోదా పోదు, మారకపోతే పట్టా రాదు. వాట్సాప్‌లో ఆ గోల చేసేవాళ్ళలో ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతిలో ఎందుకుందో, 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ ఏం చెబుతుందో అడిగినవాణ్ణి ఒక్కణ్ణి నేను చూడలేదు.

శిక్షణే దండగ అనుకునేవాళ్ళకి పునుకుల ఉంది. మా పాల్వంచ మండలమే. పత్తికి మందులు కొట్టి కొట్టి అప్పులపాలైన ఊరు. అక్కడా ఒక స్వచ్ఛంద సంస్థ పనిచేసింది. వేప కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలు, చేను చుట్టూ ఆముదం, బంతి నేర్పింది. తేడా ఎక్కడంటే, ఆ కథకి విలన్ ఉన్నాడు. మందు అప్పుగా ఇచ్చే దుకాణం. ఆ డబ్బా ఊళ్ళోకి రావద్దని ఆడవాళ్ళ సంఘాలు పట్టుబట్టాయి, పంచాయతీయే పురుగుమందులు లేని ఊరిగా ప్రకటించుకుంది. కషాయం కాచడం అందులో సగమే, మిగతా సగం ఎవరికో అడ్డం తిరగడం. మన నివేదికల్లో కషాయం ఉంటుంది, అడ్డం తిరగడం ఉండదు.

ఎందుకుండదో సంస్థవాళ్ళని అడిగితే ఒకాయన తలుపు దగ్గరికి వేసి చెప్పాడు. “హక్కులంటే మా ఎఫ్‌సీఆర్‌ఏ ఉంటుందా అన్నా?” అబద్ధం కాదు. 2020 సవరణ తర్వాత విదేశీ నిధుల్ని చిన్న సంస్థలకి పంచడం కుదరదు, ఆఫీసు ఖర్చు పరిమితి 50 నుంచి 20 శాతానికి దిగింది. భయం నిజమే. వానపాములకి లైసెన్సు రద్దు కాదు, గ్రామసభకి అవుతుందేమో! అయితే ఆ భయాన్ని భయమని చెప్పండి. దాన్ని రైతు అజ్ఞానంగా మార్చి నాకు అమ్మకండి.

నిజానికి చేయాల్సిన పని అంత విప్లవమేమీ కాదు. అటవీ హక్కుల చట్టం 2006 నాటిది, పార్లమెంటు చేసినది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడికి నాలుగు హెక్టార్ల దాకా హక్కు, ఊరందరికీ కలిపి అడవి మీద సామూహిక హక్కు. కావాల్సింది గ్రామసభ తీర్మానం, నక్షా, రుజువులు, తిరస్కరిస్తే అప్పీలు. ఇదంతా పేపర్‌వర్క్. చదువుకున్న బ్రదర్స్, సిస్టర్స్ ఊరికొకరు ఉన్న నెట్‌వర్క్‌కి ఇంతకన్నా సరిపోయే పని ఏముంటుంది? ఐదు రోజుల శిక్షణలో రెండు రోజులు ఫారాలు నింపడానికి ఇవ్వలేరా?

2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సుమారు 1.5 లక్షల మందికి, 4 లక్షల పైచిలుకు ఎకరాలకి పోడు పట్టాలు మొదలుపెట్టింది. మేం వెళ్ళిన ఊళ్ళో కొందరికి వచ్చాయట. వాగు అవతలి గుంపుకి రాలేదు. వాళ్ళు సల్వాజుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయలు, తెలంగాణలో వాళ్ళకి ఎస్టీ గుర్తింపు లేదు. పెద్దాయనది ఆ గుంపే అని అప్పుడు తెలిసింది.

మరుసటి ఏడాది నివేదికలో ఒక పేజీ నిండా కంపోస్టు గుంత ఫోటో. పక్కన వాగు, అవతలి ఒడ్డున గుడిసెలు. నేను మెయిల్ పెట్టాను, మర్యాదగానే: ఈ గుంత ఉన్న నేల ఎవరి పేరు మీద ఉంది? సర్వే నంబరు ఉంటే చెప్పగలరా?

రెండు రోజుల్లో జవాబొచ్చింది. మీ ఉదారతకు కృతజ్ఞతలు, 80జీ రసీదు జతచేశాం అని.