ముందు తేదీలు చూడండి మహాప్రభో

మొన్నొక యూట్యూబ్ చర్చలో ఖలిస్తాన్ గొడవ మీద ధారాళంగా మాట్లాడుతున్న ఒక పెద్దమనిషి తల్విందర్ సింగ్ పర్మార్ పేరెత్తి, "1984 లేకపోతే పర్మార్ లేడండీ. చర్యకు ప్రతిచర్య, అంతే" అని తేల్చేశాడు. పక్కనున్న ఇద్దరూ గంభీరంగా తలలూపారు. 1985లో పర్మార్ ముఠా బాంబుకు ఎయిర్ ఇండియా 'కనిష్క' విమానంలో పోయిన 329 ప్రాణాల లెక్క అలా ఒక్క ముక్కలో తేలిపోయింది.

ఈ ప్రతిచర్య పాట వినీ వినీ చెవులు చిల్లులు పడుతున్నాయి. పర్మార్ 1970లో పంజాబ్ నుంచి కెనడా వెళ్లాడు. అక్కడ బబ్బర్ ఖాల్సా అనే ఖలిస్తానీ సంస్థకు నాయకుడయ్యాడు. 1981లో పంజాబ్‌లో ఇద్దరు పోలీసులను చంపిన కేసులో నిందితుడు. అప్పగించమని 1982లో మనవాళ్లు అడిగితే కెనడా కుదరదంది. 1983లో పశ్చిమ జర్మనీలో పట్టుబడ్డాడు. ఆపరేషన్ బ్లూస్టార్‌లో స్వర్ణాలయంలోకి ట్యాంకులు దూరిన 1984 జూన్‌లో ఈయనగారు ఆ జర్మనీ జైల్లోనే ఉన్నాడు. మరి 1981 కేసు దేనికి ప్రతిచర్య? మూడేళ్ల తర్వాత జరగబోయేదానికా? న్యూటన్‌కు కూడా తట్టని సూత్రమిది! "1978లో సిక్కులకు, నిరంకారీలకు జరిగిన గొడవ మాటేమిటి?" అంటారు. అలా వెనక్కి పోతూ ఉంటే ఔరంగజేబు దాకా పోవచ్చు.

బ్లూస్టార్ తర్వాత సిక్కుల గుండె మండిందంటే ఎవడు కాదంటాడు? ఇందిర హత్య తర్వాత ఢిల్లీ వీధుల్లో మనుషుల మెడల్లో టైర్లు వేసి తగలబెట్టినవాళ్లు దర్జాగా తిరిగారు. అది చూసి మండకపోతే మనిషే కాదు. కానీ ఆ మారణకాండను కప్పిపుచ్చింది కూడా ఈ ప్రతిచర్య మాటతోనే కదా! పెద్ద చెట్టు కూలితే నేల అదరదా అన్నది సాక్షాత్తూ రాజీవ్ గాంధీ. ఆ మాటకు ఆయన్ను ఇప్పటికీ దుమ్మెత్తిపోసేవాళ్లే పర్మార్ దగ్గరికి వచ్చేసరికి అదే మాట అప్పు తెచ్చుకుంటున్నారు.

అసలు కనిష్క పేల్చివేత ఎలా జరిగిందో చూడండి. 1985 జూన్ 22, వాంకూవర్ విమానాశ్రయం. ఎం. సింగ్ పేరుతో ఒకడు వచ్చాడు. టొరంటో నుంచి అవతలికి సీటు ఖరారు కాలేదు. అయినా సూట్‌కేసు మాత్రం నేరుగా ఎయిర్ ఇండియాకు వెళ్లిపోవాలంటాడు. కౌంటర్లో ఉద్యోగిని కుదరదంది. వెనక క్యూ పెరుగుతోంది, వీడు వదలడు. చివరికి విసిగి ట్యాగ్ వేసేసింది. పెట్టె ఎక్కింది, మనిషి ఎక్కలేదు. టొరంటోలో ఎక్స్‌రే యంత్రం మొరాయించింది. మర్నాడు ఐర్లాండ్ దగ్గర విమానం సముద్రంలో ముక్కలైంది. పదమూడేళ్లలోపు పిల్లలే 82 మంది. విమానంలో సిక్కులూ ఉన్నారు. ఇలాంటిదే మరో పెట్టె టోక్యో నరీటా విమానాశ్రయంలో పేలి సామాన్లు దించే ఇద్దరిని బలి తీసుకుంది. రెండు టికెట్లు, రెండు దొంగ పేర్లు, రెండు బాంబులు. ఇంత తీరిగ్గా చేసేదాన్ని ఆవేశం అంటారా?

కెనడా సంగతి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అదే 1985 జూన్ 4న కెనడాలోని డంకన్ దగ్గర అడవిలోకి పర్మార్, బాంబులు చేసే ఇందర్‌జీత్ సింగ్ రెయాత్ వెళ్తే అక్కడి గూఢచారులు వెంటే వెళ్లారు. ఢామ్మన్న చప్పుడు విన్నారు. విని, ఏదో తుపాకీ పేలిందనుకుని ఇంటికెళ్లారు! పర్మార్ ఫోన్ మాటల టేపులు చాలావరకు చెరిపేశారు. చనిపోయినవాళ్లలో అత్యధికులు కెనడా పౌరులైతే ప్రధాని మల్రోనీ సంతాపం చెప్పింది రాజీవ్ గాంధీకి. సొంత జనానికి క్షమాపణ చెప్పడానికి కెనడా ప్రభుత్వానికి 2010 దాకా తీరిక దొరకలేదు.

"కోర్టులో రుజువు కాలేదుగా" అనేవాళ్లూ ఉన్నారు. చచ్చినవాణ్ణి బోనులో ఎలా నిలబెడతారు? 1992లో పంజాబ్ పోలీసులు చంపేసి, విచారణకు దారి లేకుండా చేశారు. పర్మార్‌కు దక్కిన షహీద్ (అమరవీరుడు) బిరుదుకు సగం ఖర్చు వాళ్లే పెట్టుకున్నారు. 2010లో కెనడాలో జాన్ మేజర్ విచారణ కమిషన్ మాత్రం కుట్ర నాయకుడిగా పర్మార్ పేరే చెప్పింది.

ఆ రోజుల గురించి చెప్పాలనుకుంటే తారా సింగ్ హేయర్‌తో మొదలుపెట్టొచ్చు. ఇండో కెనడియన్ టైమ్స్ సంపాదకుడు. ఆయనా సిక్కే. మొదట్లో ఖలిస్తాన్ వైపే మొగ్గాడు. తర్వాత ఈ బాంబుల మూకను పేరుపెట్టి తిట్టిపోశాడు, పోలీసులకు వాంగ్మూలమూ ఇచ్చాడు. 1988లో కాల్చారు. నడుము కింద చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు, అయినా రాయడం మానలేదు. 1998లో కెనడాలోని సర్రేలో, సొంత ఇంటి గరాజ్‌లో, కారు దిగి కుర్చీలోకి మారుతుంటే చంపేశారు. ఆ హత్యకు ఇంతవరకూ ఎవరికీ శిక్ష పడలేదు. అదే సర్రేలో గురుద్వారా గోడ మీద ఏళ్ల తరబడి వేలాడింది పర్మార్ బొమ్మ.