పంకజం డాట్ కామ్

మన కాలేజీలో సెమిస్టర్‌కి ఒక్కరైనా కొత్త వెబ్‌సైట్ మొదలుపెడతారు. ఒకళ్లు పాత ప్రశ్నపత్రాలన్నీ ఒకచోట పెడదామంటారు, ఇంకొకళ్లు హాస్టల్ రూములు వెతికిపెట్టే సైట్ అంటారు. కోడ్ రెండు రాత్రుల్లో అయిపోతుంది. పేరు దగ్గరే రెండు వారాలు ఆగిపోతారు.

వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ రెండు పార్టీలే. మొదటి పార్టీ మాట ఇది: "పేరు చూడగానే సైట్ దేనికో తెలిసిపోవాలి. హాస్టల్‌రూమ్స్ అని పెట్టెయ్." రెండో పార్టీది ఇంకో పాట: "ఎవరికీ లేని పేరు కావాలి రా. అర్థం లేకపోయినా ఫర్వాలేదు." నా ఓటు రెండో పార్టీకే, కాకపోతే ఒక సవరణతో.

సాహిత్య క్లబ్బు వాళ్లం కాబట్టి మనకి ఈ గొడవ కొత్త కాదు. పదం అర్థాన్ని ఎలా ఇస్తుందో చెబుతూ మన పాత శాస్త్రాలు ముఖ్యంగా మూడు రకాలు చెప్పాయి. మొదటిది యౌగికం. ముక్కల అర్థాలు కలిపితే వచ్చేదే పదం అర్థం. పాచకుడు అంటే వండేవాడు, వండే ప్రతివాడూ పాచకుడే. రెండోది రూఢం. విడదీస్తే ఏమీ రాదు, లోకం అలా పిలుస్తోంది కాబట్టి అదే అర్థం. మూడోది యోగరూఢం. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ పంకజం. అంటే బురదలో పుట్టింది. బురదలో కప్పా పుడుతుంది, నాచూ పుడుతుంది. కానీ పంకజం అంటే తామర ఒక్కటే.

డొమైన్ పేర్లూ అంతే. 'హాస్టల్‌రూమ్స్' యౌగికం, రూములు చూపించే ప్రతివాడికీ సరిపోతుంది. 'గూగుల్' మనకి రూఢమే. 1 పక్కన 100 సున్నాలుండే సంఖ్య పేరుని కాస్త మార్చి పెట్టారని తెలిసినవాళ్లు ఎందరు? ఇక 'నౌక్రీ' యోగరూఢం. అర్థం ఉద్యోగమే, కానీ వినగానే ఒక్క కంపెనీయే గుర్తొస్తుంది.

మొదటి పార్టీ ఇక్కడే ఎగిరి గంతేస్తుంది: "చూశావా, మామూలు మాటతోనే గెలిచారు కదా!" నిజమే. కానీ ఎలా గెలిచారో చూడండి. నౌక్రీ 1997లో మొదలైంది. తర్వాత ఇంకొకరు స్పెల్లింగులో ఒక్క 'ఎ' అదనంగా పెట్టి అదే మాటతో డొమైన్ తీసుకుంటే, గొడవ ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. మాట మామూలుదే అయినా వాడగా వాడగా అది ఒక్కరి గుర్తు అయిపోయిందని 2002లో కోర్టు నౌక్రీ వైపే నిలిచింది. అమెరికాలో బుకింగ్ డాట్ కామ్ తన పేరుని ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకోడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. 2020లో 8-1 తేడాతో గెలిచింది. అందరికీ ఇలా కలిసి రాదు. బుక్‌మైషో ఎంత పేరున్నదైనా, 'బుక్‌మై'తో మొదలయ్యే పేరు పెట్టుకున్న ఇంకో సంస్థని ఆపమని అడిగితే 2017లో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. అది పనిని వర్ణించే మాటే కదా అంది.

మన 1999 ట్రేడ్‌మార్క్ చట్టం 9వ సెక్షన్ లెక్క కూడా ఇదే. సరుకు రకాన్నో గుణాన్నో చెప్పే ఉత్త వర్ణన మాటల్ని, వాడకంతో ప్రత్యేక గుర్తింపు వస్తే తప్ప రిజిస్టర్ చెయ్యరు. అంటే యౌగికం యోగరూఢం కావాలి. దానికి ఏళ్లు పడతాయి, ప్రకటనలకి డబ్బు కావాలి, ఒక్కోసారి లాయర్లూ కావాలి. సప్లీ ఫీజుకే వెతుక్కునే మనకి అవి ఎక్కణ్ణుంచి వస్తాయి?

"సెర్చ్‌లో పైకొస్తుంది కదా" అన్నది ఇంకో వాదన. ఒకప్పుడు అందులో కొంత నిజం ఉండేది. కానీ సరుకు లేకుండా డొమైన్ పేరులో వెతికే మాటలు కూరి పైకొచ్చే సైట్లని కిందకి దించడానికి గూగుల్ 2012 సెప్టెంబరులోనే మార్పు చేసింది. పైగా మీ సైట్ పేరే 'హాస్టల్‌రూమ్స్' అయితే, మీ కోసం వెతికినవాడికి కూడా ఊళ్లో ఉన్న హాస్టళ్లన్నీ కనిపిస్తాయి. మీ ప్రచారం పక్కవాడికి ఉపయోగపడుతుంది.

సొంతంగా కల్పించుకున్న పేరుకి ఉండే బలం సిఫీ కేసులో తెలుస్తుంది. సత్యం ఇన్ఫోవే అప్పట్లో హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కి అనుబంధ సంస్థగా ఉండేది. ఆ రెండు మాటల్లోంచే 'సిఫీ' పుట్టింది. ఇంకో సంస్థ ఒక 'ఎఫ్' ఎక్కువ పెట్టి దాదాపు అదే పేరు వాడింది. ఆ అక్షరాలు మా అయిదుగురి పేర్లలోవి అని వాదించింది. 2004లో సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే వైపే తీర్పిచ్చింది. డొమైన్ పేరుకీ ట్రేడ్‌మార్క్‌కి ఉన్నట్టే రక్షణ ఉంటుందని చెప్పింది. 'హాస్టల్‌రూమ్స్' పేరుతో ఆ మాట అనిపించుకోవడం చాలా కష్టం.

ఇక నా సవరణ. బ్రాండ్ పేరు అంటే నోరు తిరగని, అర్థం లేని మాటే కానక్కర్లేదు. పని ఏంటో కాస్త సూచించే తెలుగు మాట చాలు. మనవాళ్లు ఇది ఎప్పుడో చేసి చూపించారు. తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చేర్చిన సైట్‌కి 'కూడలి' అని, తెలుగు టైప్ చేసే పరికరానికి 'లేఖిని' అని పెట్టారు. 1998 నుంచీ వస్తున్న వెబ్ పత్రిక 'ఈమాట'. ఎక్కడా 'తెలుగుబ్లాగ్స్' లాంటి బోర్డు లేదు, అయినా పని అర్థమవుతుంది. ఫణీంద్ర సామ, స్నేహితులు కలిసి 2006లో పెట్టిన రెడ్‌బస్ కూడా అంతే. ఆ పేరు ఎలా తట్టిందో గానీ, మన చెవికి అది ఎర్రబస్సే. బస్సు అన్న సూచన ఉంది, టికెట్ అన్న మాటే లేదు. ఇవన్నీ పుట్టుకతోనే సగం పంకజాలు.

తెలుగు పేరుతో ఒక్క చిక్కుంది, ఇంగ్లీషు స్పెల్లింగు. 'పుస్తకం'లో 'టి' పక్కన 'హెచ్' ఉందా లేదా? 'కూడలి'లో రెండు 'ఓ'లా, ఒక 'యు'నా? మీరు ఒకటి కొంటే జనం ఇంకోటి కొడతారు. నౌక్రీ, సిఫీ కేసులు రెండూ ఒక్క అక్షరం మీదే కదా నడిచాయి! అందుకే పేరు అనుకోగానే ఊళ్లో పిన్నికి ఫోన్ చేసి, ఒక్కసారి చెప్పి టైప్ చెయ్యమనండి. "స్పెల్లింగ్ ఏంటి నాన్నా?" అని అడిగితే ఆ పేరు వదిలెయ్యండి. పలక, నెమలి లాంటి మాటలకి ఈ తంటా దాదాపు ఉండదు. త, ద, దీర్ఘాలు ఉన్నవాటితోనే జాగ్రత్త. తప్పదనుకుంటే రెండు స్పెల్లింగులూ కొనేసి ఒకదాన్ని రెండోదానికి మళ్లించండి.

మామూలు పేరు ఎక్కడా పనికిరాదని కాదు. మూడు రోజుల ఫెస్ట్‌కో, డిపార్ట్‌మెంట్ ల్యాబ్ పేజీకో, బస్ టైమింగులకో అదే మంచిది. అక్కడ పోటీ లేదు, పెంచుకోవాల్సిన పేరూ లేదు. కానీ డిగ్రీ అయ్యాక కూడా నడపాలనుకునే సైట్ అయితే ఇవాళ పెట్టే పేరే రేపు మీ ఆస్తి. కాబట్టి ఈసారి గ్రూపులో చర్చ మొదలైతే ఇంగ్లీషు మాటలు అతికించే ముందు ఒక పదినిమిషాలు తెలుగు నిఘంటువు తిరగెయ్యండి. మూడు మాటలు ఏరండి, ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో అవి ఇంకెవరికైనా ఉన్నాయేమో చూడండి, తర్వాత పిన్నికి ఫోన్ చెయ్యండి. డొమైన్‌కి డబ్బు కట్టడం ఆ తర్వాతే.