నాణెం అరిగిందా, అరగదీశారా?

నల్గొండ, పాలమూరు ఎర్రనేలల్లో రోమన్ నాణేలు దొరకడం కొత్త సంగతి కాదు. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో ఒక్కచోటే 1,531 వెండి దీనారాలు బయటపడ్డాయి. వాటిలో చాలా మట్టుకు అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివి. ఇప్పుడు వనపర్తి జిల్లాలోకి వెళ్లిన వీపనగండ్లలో బంగారు నాణేలు దొరికాయి. నాగార్జునకొండ తవ్వకాల్లో టైబీరియస్ బంగారు నాణెం ఒకటి, అది ముద్రించిన వందేళ్లకు పైగా గడిచాక ఫాస్టినా రాణి పేరిట వచ్చినది మరొకటి కనిపించాయి. ఇలాంటి వాటిని పరమేశ్వరీలాల్ గుప్తా 1965లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియం ప్రచురణగా ఒక పుస్తకంలోకి ఎక్కించారు. అయినా లంకెబిందెలు దొరికాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ మనం అడిగే ప్రశ్నలు మూడే: ఏ రాజుది, ఎన్ని తులాలు, ఎన్ని లక్షలు? ఎంత అరిగింది, ఎక్కడ అరిగింది, ఎలా అరిగింది అని ఎవరూ అడగరు. నా దృష్టిలో మొదట అడగాల్సింది అదే. బంగారు నాణెం మీది అరుగుదలను లోపంగా లెక్కగట్టి ధర తగ్గించే అలవాటు వల్ల, ఈ నేల చరిత్రకు మిగిలిన ఒక సాక్ష్యాన్ని మన చేతులతోనే తుడిచేస్తున్నాం.

బంగారం విషయంలోనే ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పాత నల్గొండలోని ఫణిగిరిలో 2024లో ఒక కుండ నిండా 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు ఉన్న ఈ నాణేలను ఇక్ష్వాకుల కాలానివిగా గుర్తించారు. సీసాన్ని మట్టి తింటుంది, వెండిని లవణాలు నల్లబరుస్తాయి. అలాంటి నాణెం బొమ్మ చెరిగిపోతే అది మనుషుల చేతుల్లో అరిగిందో, నేలలో శిథిలమైందో తేల్చడం కష్టం. మేలిమి బంగారాన్ని మట్టి ఏమీ చేయలేదు. రెండు వేల ఏళ్లు భూమిలో ఉన్నా అది పాతిపెట్టిన రోజున ఎలా ఉందో దాదాపు అలాగే పైకి వస్తుంది. కాబట్టి దాని మీది నునుపు, గీత, గాటు, రంధ్రం ఇంచుమించు అన్నీ మనుషులు చేసినవే. ముద్రించిన కాలాన్ని నాణెం మీది అక్షరాలు చెబుతాయి. పాతిపెట్టిన కాలాన్ని తవ్వకంలో అది దొరికిన పొర చెబుతుంది. ఆ రెండింటి మధ్య అది సంతల్లో చేతులు మారిందా, సంచిలో కదలకుండా పడుందా అన్నది అరుగుదలే చెప్పాలి. టైబీరియస్ మొదటి శతాబ్దపు చక్రవర్తి, నాగార్జునకొండలో ఇక్ష్వాకులు ఏలింది మూడో శతాబ్దం నుంచి. ఆ నడిమి కాలపు కథకు వేరే కాగితం ఏదీ మిగల్లేదు.

అయితే బొమ్మ మసకబారిన ప్రతి నాణెమూ అరిగినట్టు కాదు. అరుగుదల ఎప్పుడూ ఎత్తుగా ఉన్నచోట మొదలవుతుంది. చక్రవర్తి తల బొమ్మలో అయితే చెవిపై జుట్టు, కనుబొమ, చెంప ముందుగా చదునవుతాయి, పల్లంలో ఉన్న అక్షరాల మొదళ్ల దగ్గర మాత్రం తొలినాటి మెరుపు మిగిలే ఉంటుంది. టంకశాలలో దెబ్బ సరిగా పడకపోతే కూడా అదే చెంప తేలిపోయి కనిపిస్తుంది, కానీ అక్కడ లోహం చేతులు తగిలిన నునుపుతో ఉండదు, ముద్ర పడకముందు బిళ్లకున్న గరుకు అలాగే నిలిచి ఉంటుంది. మన దగ్గరే రోమన్ బంగారు నాణేలకు నకళ్లు తయారయ్యాయి. అచ్చులో పోసిన నకలు మీద అక్షరాల అంచులు మొదటినుంచీ మెత్తగా ఉంటాయి, దాన్ని బాగా అరిగిన అసలుగా పొరబడే ప్రమాదం ఎక్కువ. త్రాసు ఒక్కటే ఈ చిక్కు తీర్చదు. అగస్టస్ కాలపు బంగారు నాణెం సుమారు 7.8 గ్రాములు. నీరో క్రీ.శ. 64లో బరువు తగ్గించాక అది దాదాపు 7.3 గ్రాములైంది. 7.3 గ్రాములు తూగిన టైబీరియస్ నాణెం చెలామణీలో అరిగి ఉండవచ్చు, లేదా ఎవరో అంచు కత్తిరించి ఉండవచ్చు. అంచు చుట్టూ ఉండే చుక్కల వరుస నిండుగా ఉందా, ఒకపక్క తెగిపోయిందా అన్నది కన్నే చూడాలి.

గాట్ల సంగతి ఇంకా లోతైనది. తమిళనాడులోని పుదుక్కోట్టై ప్రాంతంలో 1898లో దొరికిన 501 రోమన్ బంగారు నాణేల్లో ఎక్కువ వాటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉంది. లోపల చవక లోహం ఉందేమోనని పరీక్షించారని కొందరు, పరాయి రాజు ముఖాన్ని చెరిపారని కొందరు, అరిగి బరువు తగ్గినవాటిని చెలామణీ నుంచి తప్పించడానికి గుర్తు పెట్టారని మరికొందరు అంటారు. మూడోది నిజమైతే, నాణెం అరుగుదలను చూసి తీర్పు చెప్పే పని దక్షిణాదిలో రెండు వేల ఏళ్ల కిందటే ఒక పద్ధతిగా సాగిందన్నమాట. ఇందులో ఏది నిజమో వాదనతో తేలదు. గాటు పడ్డవాటినీ పడనివాటినీ విడివిడిగా తూచి, అరుగుదలను పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది. అక్కన్‌పల్లి వెండి నాణేల్లోనూ గాట్లు పడ్డవి ఉన్నాయి. కాబట్టి ఈ పరీక్షను మన దగ్గర దొరికిన నాణేల మీదే చేయవచ్చు. రంధ్రాలదీ ఇదే కథ. దక్కన్‌లో దొరికే రోమన్ బంగారు నాణేలు కొన్నిటికి తల బొమ్మ పైభాగాన పక్కపక్కనే రెండు రంధ్రాలుంటాయి. వేలాడదీసినప్పుడు ముఖం నిటారుగా నిలవాలని కోరుకున్నవాళ్లే అలా పొడిచి ఉంటారు. కాసులపేరు ఇప్పటికీ తెలిసిన మన ఇళ్లలో దీన్ని విడమరచి చెప్పాల్సిన పని లేదు. దారం లాగిన వైపు రంధ్రం సాగి, ఒంటికి ఆనే వెనకవైపు ముందువైపుకన్నా నునుపెక్కితే, ఆ నాణెం చాలాకాలం ఒక మెడలో ఉందని అర్థం. బజారులో రంధ్రం పడితే ధర పడిపోతుంది. చరిత్రకు మాత్రం అది ఒక విదేశీ డబ్బు ఈ ఊరి నగగా మారిన ఘడియ.

బజారుకు తనదైన కొలత ఉంది, దాన్ని తీసిపారేయను. విలియం షెల్డన్ అనే అమెరికన్ 1949లో తమ దేశపు పాత సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా అంకెలతో ఒక కొలమానం పెట్టాడు. ఇవాళ ప్రపంచమంతటా నాణేలకు వేస్తున్న మార్కులు అందులోంచి వచ్చినవే. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య తగాదా తగ్గించడంలో దానికి నిజమైన ఉపయోగం ఉంది. కానీ అది టంకశాల నుంచి అప్పుడే వచ్చిన నాణేన్ని శిఖరాన నిలబెట్టి, వాడకాన్ని మెట్టుమెట్టుగా కిందికి దించుతుంది. ఒకే ఒక్క అంకెలో గాటు, రంధ్రం, కత్తిరింపు, నునుపు అన్నీ కలిసిపోతాయి. అరుగుదల అంచనా మనిషి మనిషికీ మారుతుంది కదా, దాన్ని సాక్ష్యం అనడమెలా అని అడగవచ్చు. మారుతుంది, నిజమే. అందుకే అంకె వేసి ఊరుకోకుండా, బరువును గ్రాములో వందో వంతు దాకా రాసి, పక్కనుంచి పడే వెలుతురులో రెండువైపులా ఫొటో తీసి, ఏ చోట చదునైందో మాటల్లో రాయాలంటున్నాను. అప్పుడు ఒకరి తీర్పును మరొకరు సరిచూడగలరు. యాసిడ్‌లో ముంచి, పాలిష్ పట్టించి మెరిపించిన నాణెం విషయంలో ఎవరూ ఎవరినీ సరిచూడలేరు. పాత నునుపు, కొత్త నునుపు కలిసిపోయి ఆ సాక్ష్యం శాశ్వతంగా పోతుంది.

దుక్కిలో నాణెం దొరికిన రైతుకు ఇదంతా ఎందుకన్నది అసలు అభ్యంతరం. బంగారం ధర చూస్తే కరిగించి అమ్ముకోవాలనిపించడంలో ఆశ్చర్యం లేదు, అతన్ని నిందించడం న్యాయం కూడా కాదు. తప్పు ధర కట్టే పద్ధతిలో ఉంది. బ్రిటిష్ ఇండియాలో వచ్చిన 1878 నిధి చట్టం ప్రకారం, దొరికినదాన్ని ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే దానిలోని లోహం విలువ, దానిమీద ఐదో వంతు చెల్లిస్తే సరిపోతుంది. నాణేన్ని లోహంగానే చూసిన ఆలోచన అది. నిజాం సంస్థానం అప్పట్లో ఆ చట్టం పరిధిలో లేదు, ఇప్పుడైతే నిధి నిక్షేపాల అంశం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది. అంటే ఇంతకన్నా మంచి నిబంధన తెచ్చుకోవడానికి తెలంగాణ శాసనసభ ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. కడగకుండా, రుద్దకుండా, దొరికిన చోటు చూపించి అప్పగించినవారికి లోహం విలువపైన చెప్పుకోదగ్గ అదనం ఇవ్వాలి, అరిగిందనో రంధ్రం పడిందనో అందులో ఒక్క రూపాయి కోయకూడదు. తహసీల్దారు పంచనామాలో తులాలు రాసే గడి పక్కనే నాణెం స్థితి రాసే గడి ఒకటి ఉండాలి. కొత్త నిధి దొరికేదాకా ఆగాల్సిన అవసరమూ లేదు. గుప్తా 1965లో పుస్తకానికెక్కించిన నాణేలను పురావస్తు శాఖ మళ్లీ బయటికి తీసి, ఒక్కొక్కదాన్నీ తూచి, అరుగుదలను, గాట్లను, రంధ్రాలను నమోదు చేసి, ఆ వివరాలను ఫొటోలతో సహా తెలుగులో అందరికీ అందుబాటులో పెట్టవచ్చు. ఆ పని అక్కన్‌పల్లితోనూ వీపనగండ్లతోనూ మొదలుకావాలి.