కరోనియం: లేని మూలకం

సంపూర్ణ సూర్యగ్రహణ వేళ సూర్యబింబం చుట్టూ తెల్లని కాంతివలయం కనిపిస్తుంది. దానినే కరోనా అంటారు. 1869 ఆగస్టు 7 నాటి గ్రహణంలో అమెరికన్ శాస్త్రజ్ఞులు యంగ్, హార్క్‌నెస్ ఆ వలయపు వర్ణపటంలో ఒక ఆకుపచ్చ రేఖను గమనించారు. తెలిసిన ఏ మూలకానికీ అది సరిపడలేదు. హీలియం కథ ఆ ముందు ఏడే, మన గుంటూరులో జాన్సెన్ పరిశీలించిన గ్రహణంతో మొదలయింది. కనుక ఇదీ కొత్త మూలకమే కాబోలునని తలచి 'కరోనియం' అని పేరు కూడా పెట్టేశారు! హీలియం 1895లో భూమిపై దొరికింది. కరోనియం మాత్రం దొరకలేదు. ఆవర్తన పట్టికలో దానికి చోటూ మిగలలేదు.

పరమాణువు నుండి ఒక్కొక్క ఎలక్ట్రాన్‌నే తొలగిస్తూ పోతే, తరువాతిదానికి మరింత శక్తి కావాలి. ఈ అయనీకరణ శక్తుల వరుస ఏ మూలకానికి ఆ మూలకానిదే. సోడియంలో మొదటి ఎలక్ట్రాన్‌కు 5.1 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, రెండవదానికి ఒక్కసారిగా 47.3 కావాలి. ఇనుములో మొదటిదానికి 7.9, పదమూడవదానికి సుమారు 361. అలా పదమూడు ఎలక్ట్రాన్లను పోగొట్టుకొన్న ఇనుము వెలువరించే కాంతియే ఆ ఆకుపచ్చ రేఖ. జర్మన్ శాస్త్రజ్ఞుడు గ్రోట్రియన్ 1939లో దారి చూపగా, స్వీడన్‌కు చెందిన ఎడ్లెన్ కొద్ది ఏండ్లలోనే దీనిని నిరూపించాడు. డెబ్బది ఏండ్లపాటు వింత మూలకమని భ్రమింపజేసినది అట్లపెనంలోని ఇనుమే!

కాని ఇనుముకు అంతటి గతి పట్టాలంటే కరోనా ఉష్ణోగ్రత పది లక్షల డిగ్రీలు దాటాలి. దాని అడుగున ఉన్న సూర్యుని ఉపరితలం వేడిమి సుమారు 5,500 డిగ్రీలే. పైనున్న పొరకు ఇంత వేడి ఎట్లా చేరుతున్నదో శాస్త్రజ్ఞులు నేటికీ తర్కించుకుంటూనే ఉన్నారు.