మంగళం దాకా ఉండనివ్వని సభలు

మొన్న చలికాలంలో కొంపల్లిలో ఒక కచేరీకి వెళ్ళాను. వెంట మా పిన్ని. అరవై రెండేళ్ళావిడ, టీచరుగా రిటైరయింది. పెళ్ళికి ముందు ఆరేళ్ళు వీణ నేర్చుకుంది. టిక్కెట్టు మీద సాయంత్రం 6 గంటలని ఉంటే పది నిమిషాల ముందే వెళ్ళి కూర్చున్నాం. ఆరింటికి వేదికకి ఇంకా పూలు కడుతున్నారు. ఏడవుతుండగా జ్యోతి వెలిగించారు. ఆపైన ఉపన్యాసాలు, శాలువాలు, జ్ఞాపికలు. జ్ఞాపిక అందుకున్న ప్రతి పెద్దమనిషీ 'రెండే రెండు మాటలు' అంటూ పావుగంట మాట్లాడాడు. తంబురా శ్రుతి కలిసేసరికి ఎనిమిది.

తొమ్మిదవుతుండగా గాయని ప్రధాన కృతికి సిద్ధమవుతోంది. అటూ ఇటూ వరసల్లో ఆడవాళ్ళు చేతిసంచులు సర్దుకుంటున్నారు. అది చూసిన నిర్వాహకుడొకాయన మైకందుకుని, "అసలు కచేరీ ఇప్పుడే మొదలవుతోంది. మధ్యలో లేచిపోవడం కళాకారుల్ని అవమానించడమే. ముఖ్యంగా ఆడవాళ్ళు గమనించాలి" అన్నాడు. ముందు వరసల్లో నవ్వులు. మేం తలలు వంచుకుని బయటికొచ్చాం. గేటు దగ్గర పిన్ని వెనక్కి తిరిగి హాలుకేసి చూసి, "మంగళం విని లేచిన కచేరీ ఈ జన్మలో ఒక్కటీ లేదే" అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, లెక్క చెప్తున్నట్టు.

ఆ మైకాయనకి అక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

అయ్యా, మేం లేచిపోయింది సంగీతం మీద శ్రద్ధ లేక కాదు. మీరు రెండు గంటలు తినేశారు కాబట్టి. వేళకి మొదలుపెట్టి ఉంటే మేం లేచే సమయానికి తని ఆవర్తనం కూడా అయిపోయేది. మీరు శాలువాలకి ఖర్చు పెట్టింది మీ సమయం కాదు, మాది. అదీ ఊరికే దొరికింది కాదు. మధ్యాహ్నమే రాత్రికి వండిపెట్టి, మామగారికి మందులు తీసి పెట్టి, పిల్లల్ని పక్కింట్లో అప్పగించి కూడబెట్టుకున్న మూడు గంటలు. సన్మానం చేయించుకున్న పెద్దలు, చేయించుకోగానే వెళ్ళిపోయారు. కాగితం చీటీలు అంటించిన ముందు సోఫాలు సగం ఖాళీ. వాళ్ళ నిష్క్రమణ మీకు అవమానంగా కనపడలేదేం?

ఇది ఒక్క హాలు గొడవ కాదు. నాగపూర్ హైవే పక్కన ఒకప్పుడు ద్రాక్షతోటలకి పేరుపడ్డ ఊరు కొంపల్లి. 2018లో మునిసిపాలిటీ అయింది. ఆ రోడ్డు వెంట ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళు బారులు తీరి ఉంటాయి. కచేరీ వినాలంటే రవీంద్రభారతికో చిక్కడపల్లి త్యాగరాయ గానసభకో పరుగెత్తాల్సిన మాకు, దగ్గర్లోనే ఏడెనిమిది వందల కుర్చీల హాల్లో పాట వినిపిస్తుందంటే పండగే. కానీ ఒక్కసారి ఆలోచించండి. అదే హాల్లో పెళ్ళయితే, ముహూర్తం అర్ధరాత్రయినా మా ఇళ్ళల్లో ఎవరూ గడియారం చూడరు. "ఇంకా రాలేదేం" అని ఫోన్లుండవు. పైపెచ్చు త్వరగా వెళ్ళిపోతామంటే బంధువులు నొచ్చుకుంటారు. అదే హాలు, అదే రోడ్డు, అదే చీకటి. పాట కోసం ఉంటే మాత్రం తొమ్మిదింటికే అపరాత్రి ఎలా అయింది?

ఎందుకంటే పెళ్ళిలో నేను ఒకరి భార్యని, ఒకరి కోడల్ని, ఒకరి మేనత్తని. కచేరీలో నేను నేనే. నాకోసం నేను వచ్చినదాన్ని. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి వీధుల గురించి 2011లో రాసిన 'వై లాయిటర్?' పుస్తకంలో ఈ సంగతే వివరంగా చెప్పారు. బయట కనపడ్డ స్త్రీ తనకక్కడ ఏదో పని ఉందని రుజువు చూపించుకుంటూ ఉండాలి. సంగీతం వినడం ఏ ఇంటి లెక్కలోనూ పని కాదు. అందుకే రుజువు లేని మనుషులుగా కూర్చుని, రుజువు లేని మనుషులుగానే లేచి వస్తాం.

స్త్రీవాదులుగా మనం కూడా వేదిక మీది స్త్రీ గురించే ఎక్కువ మాట్లాడాం. బెంగుళూరు నాగరత్నమ్మని తలుచుకుంటాం. 1910లో ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని పరిష్కరించి ప్రచురించినావిడగా సాహిత్య విద్యార్థులందరికీ ఆమె తెలుసు. ఆ పుస్తకాన్ని 1911లో నిషేధించారు, 1947 దాకా నిషేధం తొలగలేదు. తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదంటే, ఆవిడ తన సొమ్ముతో సమాధి దగ్గర మందిరం కట్టించి, ఆడవాళ్ళ ఆరాధన వేరే నడిపించి ఆ హక్కుని సాధించింది. గొప్ప పోరాటం. కానీ నాగరత్నమ్మ లాంటివాళ్ళని 'భోగం' వాళ్ళని వేరుచేసిన ఆ వ్యవస్థే, రెండోవైపు 'సంసారి' స్త్రీని తలుపు చాటున నిలబెట్టింది. మేజువాణి చావట్లో మగవాళ్ళకి. ఇంటి ఇల్లాలి చెవిన పడేది గోడ దాటి వచ్చినంత మేరకే. పాడే హక్కు కోసం జరిగిన పోరాటం చరిత్రకెక్కింది. వినే హక్కు పోయిందని ఎవరూ గుర్తించను కూడా లేదు.

తర్వాత రేడియో వచ్చింది. 1948లో మొదలైన విజయవాడ కేంద్రం నుంచి భక్తిరంజని వింటూ ఎన్ని తరాల ఆడవాళ్ళు తెల్లవార్లు గడిపారో! పిన్నికి రాగాలు గుర్తుపట్టడం అలాగే అలవడింది. అయితే ఆ వినడమంతా చేతులు పనిలో ఉండగా వినడం. ఇడ్లీ పిండి కలుపుతూ, గిన్నెలు తోముతూ. కొళాయి శబ్దంలో సగం చరణం కొట్టుకుపోతూ. చేతులు ఒళ్ళో పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా, ఏ పనీ చెయ్యకుండా వినడం అనే అనుభవం మనకి ఎవరిచ్చారు? రసాస్వాదన గురించి అలంకారశాస్త్రాలు ఎంతో చెప్పాయి. సహృదయుడి లక్షణాలన్నీ చెప్పాయి. సహృదయుడికి పొయ్యి మీద పాలు లేవన్న సంగతి మాత్రం ఎక్కడా చెప్పలేదు. నా డాక్టరేటులో నేనూ చెప్పలేదు.

ఆరోజు ఆ హాల్లో ఆడవాళ్ళ మరుగుదొడ్లు నాలుగు. ఒకదాన్నిండా డెకరేషన్ సామాను, తాళం. వరసలో ఇరవై మంది. ఆ వరస పక్కన చీపురు పట్టుకుని నిలబడ్డ మనిషి మాత్రం, తెరిచి ఉన్న తలుపులోంచి పాట వింటోంది. ఎవరో సూపర్‌వైజరు పిలిచేదాకా కదల్లేదు. మాకు టిక్కెట్టు కొనుక్కునే జీతాలైనా ఉన్నాయి. ఆమెకి ఆ గుమ్మమే కుర్చీ. ఈ వాదన నాలాంటి వాళ్ళ దగ్గరే ఆగిపోతే ఇది స్త్రీవాదం కాదు, సోఫా వాదం.

"అయితే పగటిపూట పెట్టుకోండి" అంటారు. ఆదివారం మూడింటికి కచేరీ పెడితే సంతోషమే. కానీ అది జవాబైపోకూడదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఆ ఘోరం జరిగాక, ఆర్టీసీలో మహిళా ఉద్యోగులకి రాత్రి 8 తర్వాత డ్యూటీలు వెయ్యొద్దని అప్పటి ముఖ్యమంత్రి చెప్పారు. నేరం చేసింది మగవాళ్ళు, రాత్రి పోగొట్టుకుంది ఆడవాళ్ళు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం. మంచిదే. కచేరీ వదిలే వేళకి బస్సు ఉండటం కూడా అంతే ముఖ్యం. పగలు మాకిచ్చి రాత్రంతా వాళ్ళు రాయించుకునే పంపకానికి మనం వేలిముద్ర వెయ్యక్కర్లేదు.

కాబట్టి అడుగుదాం. ముద్రించిన వేళకి పాట మొదలవ్వాలి. శాలువాలు మంగళం తర్వాత కప్పుకోండి. నిజంగా సంగీతాభిమానులైతే అప్పటిదాకా ఉంటారు. ముందు వరస ముందొచ్చినవాళ్ళది. మరుగుదొడ్డి సామాను కొట్టు కాదు. పార్కింగులో, గేటు నుంచి బస్టాపు దాకా దీపాలుండాలి. పనిచేసేవాళ్ళకి వెనక వరస కుర్చీలు వదలండి. ఇవేవీ విప్లవాలు కావు. ఒక్కపూట శ్రద్ధ పెడితే చాలు.

ఇంట్లో కూడా ఒక మాట చెప్పాలి. ఆరోజు మేం ఇంటికి చేరేసరికి బాబాయి మెలకువగానే ఉన్నాడు. "ఎలా పాడింది?" అనడిగాడు. పిన్ని చెప్పులు విప్పుతూ, "ఏమో, నువ్వు అన్నం పెట్టుకు తిని ఉంటే తెలిసేది" అంది.

వచ్చే నెల ఇంకో కచేరీ ఉంది. ఈసారి లేవకూడదని ఇద్దరం అనుకున్నాం.