దండము - ధర్మము

అంటువ్యాధి ప్రబలినపుడు జనసంచారమును నియంత్రించు అధికారము ప్రభుత్వమునకు ఉండవలసినదే. ఇందు ఎవరికిని విప్రతిపత్తి లేదు. ఆ అధికారము ఏ హద్దులలో మెలగవలెనన్నదే ప్రశ్న.

1897లో ప్లేగును అరికట్టుటకై అంటువ్యాధుల చట్టము పుట్టినది. ఆ ఏడే పుణెలో సైనికులను ఇండ్ల సోదాకు పంపిరి. వారు వంటయిండ్లలోను, పూజాగృహములలోను దూరుచున్నారని ప్రజలు మొరపెట్టుకొనిరి. జనులు తెగులుకంటె తనిఖీకే ఎక్కువ జడిసి, రోగులను దాచిరి. ప్లేగు అధికారి రాండ్ జూన్ 22వ తేదీ రాత్రి తుపాకి గుండ్లకు గురియై, పిదప మరణించెను. హత్యను సమర్థింప నక్కరలేదు. కాని భయము రోగమును దాచునే గాని మాన్పదను పాఠమును మరువరాదు.

అదే చట్టమును 2020లో కోవిడ్ వేళ మరల ప్రయోగించిరి. ఉత్తరువును మీరినవానికి నాటి శిక్షాస్మృతి 188వ సెక్షను విధించు గరిష్ఠ శిక్ష ఆరునెలల కారాగారము, లేదా వేయి రూపాయల జరిమానా, లేదా రెండును. దానినైనను విధింపవలసినది న్యాయాధిపతి. లాఠీదెబ్బలు, గుంజీలు ఏ సెక్షనులోను లేవు. అయినను ఉత్తరప్రదేశములోని బదాయూలో, మూటలు మోయుచు స్వగ్రామములకు నడచిపోవు కూలీలచేత పోలీసులు కప్పగెంతులు వేయించిరి. తమిళనాట సాత్తాన్‌కుళములో, వేళ దాటి దుకాణము తెరచి ఉంచిరను ఆరోపణపై జూన్ 19న ఠాణాకు కొనిపోయిన తండ్రియు కొడుకును నాలుగు దినములలో అసువులు బాసిరి. పోలీసులపై సి.బి.ఐ. హత్యాభియోగమే మోపినది. అరెస్టు పత్రము వ్రాయవలెనని, బంధువులకు కబురంపవలెనని, నిర్బంధితునికి 48 గంటల కొకసారి వైద్యపరీక్ష జరిపింపవలెనని సుప్రీంకోర్టు డి. కె. బసు కేసులో 1996లోనే ఆదేశించి యుండెను!

ఎండలో నిలిచి, అన్నపు పొట్లములు పంచి, తామే వ్యాధికి బలియైన పోలీసులు అనేకులు. వారి త్యాగమునకు ఈ హింస తీరని మచ్చ.

2020లోనే చట్టమును సవరించి, వైద్యసిబ్బందిపై దాడికి కఠిన శిక్ష ఏర్పరచిరి. మంచిదే. కాని అధికారుల దౌర్జన్యమునుండి ప్రజలను కాచు మాట అందులో చేర్చలేదు. సద్భావముతో చేసిన పనికి దావా చెల్లదను నాలుగవ సెక్షను మాత్రము 1897 నాటినుండి చెక్కుచెదరలేదు. నిర్బంధమునకు గడువు, బలప్రయోగమునకు హద్దు, బాధితునికి పరిహారము - ఈ మూడును చట్టములోనే ఉండవలెను. మరియొక వ్యాధి వచ్చిన పిదప వ్రాయుటకు వ్యవధి ఉండదు.

దండమనగా కర్ర, దండమనగా శిక్ష. రెండవది న్యాయస్థానమునకు చెందినది. మొదటిది దాని స్థానమును ఆక్రమించిననాడు రోగము తగ్గినను రాజ్యము రోగగ్రస్తమే.